పట్టభద్రులు - ప్రథమోద్యోగము

పట్టము పుచ్చుకొని కళాశాల గడప దాటిన యువకునకు మొదటి యుద్యోగ మేల దొరకకున్నది? దొరకుటకు మార్గ మేది? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని. ఇది దేశమంతటికిని సంబంధించిన విషయమే. అయినను, నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా తిరిగిన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములనే యుదాహరణముగా గైకొందును. ఎఱిగిన యూరిని గూర్చి చెప్పు మాటలో పొల్లు తక్కువగా నుండును గదా.

ఈ మూడు పట్టణములలో నే వీధికి బోయినను ఒక మాట వినవచ్చును. "అనుభవ మున్నదా అని అడుగుతున్నారండి. ఉద్యోగ మిస్తే కదా అనుభవము వచ్చేది!" ఈ మాట చెప్పువాడు ఇరువదిరెండేండ్ల బి.టెక్. కుఱ్ఱవాడో, బి.కాం. చదివిన బాలికయో యై యుండును. పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదు అని మన ముసలమ్మ లనుచుండెడి సామెత కిది సరియైన లక్ష్యము. తర్కశాస్త్రమున దీనికి అన్యోన్యాశ్రయ దోషమని పేరు. మొదటిది సిద్ధింపవలెనన్న రెండవది ముందుగా నుండవలెను. రెండవది సిద్ధింపవలెనన్న మొదటిది ముందుగా నుండవలెను. అట్టిచోట రెండును సిద్ధింపవు.

అయితే శాస్త్రకారులే మఱియొక న్యాయమును గూడ చెప్పియున్నారు. అది బీజాంకుర న్యాయము. విత్తు లేనిదే మొలక లేదు. చెట్టు లేనిదే విత్తు లేదు. అయినను లోకమున చెట్లు మొలచుచునే యున్నవి. ఏలయన, ఒక చెట్టున బుట్టిన విత్తు వేఱొక చెట్టునకు కారణ మగుచున్నది. తన విత్తునుండి తానే మొలవవలెనని యే చెట్టును పట్టుబట్టుట లేదు. అనుభవ విషయమున గూడ నంతే. క్రొత్తవానికి మొదటి యనుభవము ఇదివఱకే పనిలో నున్నవానివలన రావలసినదే గాని తనంతట పుట్టునది కాదు. ఈ విత్తనము చేతులు మాఱుట యెక్కడ నాగిపోయినదో కనుగొన్నచో మన ప్రశ్నకు సగము సమాధానము దొరకినట్లే.

మొదట మన ప్రాంతపు స్థితిని చూతము. కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. పశ్చిమ డెల్టాకు కాలువలు వచ్చినవి, మాగాణి పండినది, పంటతో డబ్బు, డబ్బుతో చదువు వచ్చినవి. 1916లో రేపల్లెకు రైలుదారి పడినది. మదరాసుకు బోవు ప్రధానమార్గము తెనాలి, బాపట్లల మీదుగనే పోవుచున్నది. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో నెలకొన్నది. ఇంజనీరింగు కళాశాల 1981లో వెలసినది. తెనాలిలో పురుషులకును స్త్రీలకును పేరుగన్న కళాశాలలున్నవి. రేపల్లెలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలదు. 2022లో క్రొత్తగా బాపట్ల జిల్లా యేర్పడగా బాపట్ల, రేపల్లె లందు చేరినవి; తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. జిల్లాలు వేఱైనను ఉదయపు రైలులో నుద్యోగము వెదకుకొనుచు బోవు పిల్లల ముఖములు మాత్ర మొక్కటిగానే యున్నవి.

చదువు పెరిగినంతగా చదువుకు దగిన కొలువు లీ యూళ్ళలో పెరుగలేదు. తెనాలి వరి, మినుము, నిమ్మకాయల వ్యాపారమునకు పుట్టిల్లు. ప్రక్కనున్న దుగ్గిరాల పసుపు బేరమునకు ప్రసిద్ధము. రేపల్లె దిగువన నిజాంపట్నమున చేపల రేవు, దాని చుట్టును రొయ్యల చెఱువులు నున్నవి. ఈ నిజాంపట్నపు రేవున 1611లోనే ఆంగ్లేయుల యోడ వచ్చి యాగినది. అనగా నిక్కడ వర్తకము నిన్న మొన్నటిది కాదు. బాపట్లకు సూర్యలంక సముద్రతీర మున్నది. ఇవన్నియు పని పుట్టించునవే. కాని యిందు పని మిల్లు రూపమున, మండీ రూపమున, చెఱువుగట్టు రూపమున నున్నది గాని "ఉద్యోగము" అను పేరుతో లేదు. పత్రికలో ప్రకటన పడదు, నియామకపత్ర ముండదు. తెలిసినవారి పిల్లవాడు తెలిసినవారి కొట్టులో చేరుటయే యిక్కడి యాచారము. అందుచేత పట్టభద్రునకు పని కనబడదు. యజమానికి పట్టభద్రుడు కనబడడు.

ఈ బాధ మన కాలముననే పుట్టినదని తలపరాదు. 1934లో సంయుక్త రాష్ట్రములలో విద్యావంతుల నిరుద్యోగమును విచారించుటకు తేజ్‌బహదూర్ సప్రూ గారి యాధిపత్యమున నొక సంఘము నియమింపబడినది. తెనాలివాడైన కొడవటిగంటి కుటుంబరావుగారు కాశీలో భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. చదువుచుండగా ప్రపంచ ఆర్థికమాంద్యము వచ్చిపడి చదువు నడుమనే నిలిచిపోయినది. పిదప నాయన గుమాస్తాగా, ఉపాధ్యాయుడుగా, కర్మాగారమున ఫోర్మనుగా ననేక స్థలములలో పనిచేసినాడు. "చదువు" అను ఆయన నవల యా కాలపు విద్యావంతుని దుస్థితికి సాక్ష్యము. ఆయన చేసిన యా చిల్లర కొలువులలో నేదియు నాయన చదివిన చదువునకు సరిపడునది కాదు. అయినను మనుష్యుల గూర్చి యాయన యెఱిగిన దానిలో నవి వ్యర్థమైనవని యెవ్వ రనగలరు?

నేటి లెక్క లింకను విచిత్రముగా నున్నవి. అంతర్జాతీయ కార్మికసంస్థ 2024లో ప్రకటించిన భారత ఉద్యోగ నివేదిక ప్రకారము 2022లో మన దేశమున చదువను వ్రాయను రాని యువజనులలో నిరుద్యోగులు నూటికి 3.4 మంది, పట్టభద్రులైన యువజనులలో నూటికి 29.1 మంది. ఇది చూచి "చదువు చెఱచినది" అని తొందరపడి తీర్పు చెప్పరాదు. చదువులేని నిఱుపేద పనిలేక కూర్చుండలేడు. ఒకనాడు కూర్చున్న నానాడు పొయ్యి వెలుగదు. అతడు దొరకిన కూలికి బోవును గనుక నిరుద్యోగుల పట్టికలో కనబడడు. పట్టభద్రుడు తల్లిదండ్రుల యన్నము తినుచు తనకు దగిన పనికై వేచియుండగలడు. కావున నా 29.1 అను సంఖ్యలో కొంత చదువులోని లోపము, కొంత కొలువుల కొఱత, కొంత నిరీక్షణము కలిసియున్నవి. ఈ మూడింటికిని మందు లొక్కటి కావు.

ఇక యజమాని పక్షమును గూడ వినవలెను. ఆయన యనుభవమును కోరుట దుర్మార్గము కాదు. అనుభవ మనగా నేమి? ఏండ్ల సంఖ్య కాదు. తెనాలిలో నొక మినపగుళ్ళ మిల్లున్నదనుకొనుడు. బి.కాం. చదివిన బాలునకు జమాఖర్చులు తెలియును. కాని వచ్చిన మినుములో తేమ యెంత, బస్తాకు తరుగెంత, లారీ కదలుటకు ముందు ఇ-వే బిల్లు వేయకున్న నేమగును, ఏ వర్తకునకు ఎన్నినాళ్ళ యరువీయవచ్చును అనునవి పుస్తకమున లేవు. పుస్తకములో తప్పు చేసిన మార్కు పోవును. మిల్లులో తప్పు చేసిన సరకు పోవును. తన తప్పునకు ఇతరులు నష్టపడుదురని తెలిసికొని జాగ్రత్తపడుట యనుభవములోని మొదటి పాఠము. చెప్పిన వేళకు వచ్చుట రెండవది. తెలియనప్పుడు తెలియదని సకాలమున చెప్పి యడుగుట మూడవది. ఈ మూడును నేర్పుటకు ఆఱు నెలలు పట్టును. ఆ యాఱు నెలలు జీతము, పాత పనివాని కాలము రెండును యజమాని ఖర్చు. నేర్చిన మఱునాడే పిల్లవాడు వేఱొక చోటికి బోయినచో నా ఖర్చు నీళ్ళలో బోసినట్లే. కనుక నాతడు "నేర్పినవారి నెవరినైన పంపుడు" అనుచున్నాడు. అందఱు నట్లే యన్నచో నేర్పువా రెవ్వరు? చిక్కంతయు నిక్కడ నున్నది.

పెద్ద సంస్థలు కొంతకాల మీ భారమును మోసినవి. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములలోని కంప్యూటరు సంస్థలు కళాశాలలకే వచ్చి వేలకొలది విద్యార్థులను గైకొని తామే నెలల తరబడి శిక్షణ మిచ్చెడివి. మన డెల్టా గ్రామములలో నెన్నో యిండ్లు వానివలన మేడలైనవి. కాని 2023-24 ఆర్థిక సంవత్సరమున టి.సి.ఎస్., ఇన్ఫోసిస్, విప్రో అను మూడు సంస్థలలో కలిపి పనివారి సంఖ్య సుమారు 64 వేలు తగ్గినది. దానికి తోడు కృత్రిమ మేధ యొకటి వచ్చినది. మొదటి మెట్టున నుండువారు చేయు సులభమైన పనులను, అనగా చిన్న ప్రోగ్రాములు వ్రాయుట, పత్రములు సంక్షేపించుట, సామాన్యమైన ప్రశ్నలకు బదులు చెప్పుట వంటివానిని యంత్రమే చేయజొచ్చినది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2025 ఆగస్టులో నొక పరిశీలనమును ప్రకటించిరి. ఇట్టి యంత్రప్రభావమునకు మిక్కిలి లోనైన వృత్తులలో 22 మొదలు 25 ఏండ్ల వారికి కొలువులు సాపేక్షముగా 13 శాతము తగ్గినవనియు, అనుభవజ్ఞులకు మాత్ర మట్లు తగ్గలేదనియు వారు కనుగొనిరి. నిచ్చెనపై మెట్లు చెక్కుచెదరలేదు. క్రింది మెట్టే విఱుగుచున్నది. క్రింది మెట్టు లేని నిచ్చెన నెక్కుట యెట్లు?

ఈ సందర్భమున మన ప్రాచీనులు చేసిన యేర్పాటు స్మరింపదగినది. నారదస్మృతిలోను, యాజ్ఞవల్క్యస్మృతిలోను అంతేవాసి యనువానిని గూర్చి నియమములు కలవు. వేదము చదువు శిష్యుడు కాక శిల్పము, వృత్తి నేర్చుకొన గురునింట వసించువా డీ యంతేవాసి. అతడు తన బంధువుల యనుమతితో రావలెను. ఎంతకాల ముండునో ముందుగనే నిర్ణయింపబడవలెను. గురువు వానికి తన యింటనే యన్నము పెట్టవలెను, నేర్పవలసిన పనినే నేర్పవలెను గాని యితరమైన చాకిరి చేయింపరాదు, కొడుకువలె చూడవలెను. శిష్యుడు పని ముందుగా వచ్చినను గడువు ముగియువఱకు నిలువవలెను; ఆ కాలమున వాని పనివలన వచ్చు ఫలము గురునకు జెందును.

ఈ నియమములలోని న్యాయమును గమనింపుడు. నేర్చి పాఱిపోవునను గురుని భయమునకు గడువే సమాధానము. నేర్పక చాకిరి చేయించునను శిష్యుని భయమునకు ఇతర కర్మనిషేధమే సమాధానము. ఆకలికి అన్నము కలదు. గురుని ఖర్చునకు ఫలము కలదు. బంధువుల యనుమతి వలన వ్యవహారము నలుగురి యెదుట నడచుచున్నది. ఇరువురి భయములను దీర్చి విత్తనము చేతులు మార్చిన యేర్పాటిది. నాటి దండనలు, కులమర్యాదలు మన కక్కఱలేదు. ఈ కట్టుబాట్లు మాత్రము నేటికిని చెడలేదు.

నేటి ధర్మశాస్త్ర మనదగిన పార్లమెంటు చట్టములలో దీనికి సమానమైనది 1961 నాటి అప్రెంటిసుల చట్టము. మొదట నిది యంత్రశాలలలోని వృత్తిపనివారి కుద్దేశింపబడినది. 1973లో ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమావారిని చేర్చిరి. 2014 సవరణముతో బి.ఎ., బి.కాం., బి.ఎస్‌సి. వంటి యితర పట్టభద్రులకును తలుపు తెఱిచిరి. ముప్పదిమందికి తక్కువ గాక పనివారున్న ప్రతి సంస్థయు తన పనివారి సంఖ్యలో రెండున్నర శాతమునుండి పదునైదు శాతమువఱకు అప్రెంటిసులను గైకొనవలెను. అంతకన్న చిన్న సంస్థలు, నలుగురు పనివా రున్నను చాలును, ఇష్టమున్న గైకొనవచ్చును. పట్టభద్రునకు నెలకు 9,000 రూపాయలకు తక్కువ కాని భృతి యీయవలెనని 2019 నాటి నిబంధనలు చెప్పినవి. అందు కొంతభాగమును కేంద్రప్రభుత్వము భరించును. పట్టభద్రుల కిది సాధారణముగా నొక సంవత్సరపు శిక్షణము. ముగిసిన పిదప ప్రభుత్వ ముద్రగల ప్రమాణపత్ర మిత్తురు. దక్షిణరాష్ట్రముల కీ వ్యవహారమును చెన్నైలోని అప్రెంటిసుషిప్పు శిక్షణ మండలి చూచుచున్నది. పేరు నమోదు చేసికొనుటకు చెన్నైకి బోనక్కఱలేదు, ఇంటినుండియే చేసికొనవచ్చును.

ఇంత మంచి యేర్పాటుండగా మన పిల్లలలో దీని నెఱిగినవా రెందఱు? నేనడిగిన పదుగురిలో నిద్దఱు మువ్వురు చెప్పగలిగిరి. మిల్లు యజమానులలో నంతకన్న తక్కువ. జర్మనీ దేశమున 1969లోనే చట్టము చేసి, పిల్లవాడు వారమున నొకటి రెండు దినములు పాఠశాలలోను, మిగిలిన దినములు పనిచోటను గడపునట్లు రెండు మొదలు మూడున్నరేండ్ల శిక్షణమును క్రమపఱచిరి. అక్కడ అప్రెంటిసుగా నుండుట చిన్నతనము కాదు. ఇక్కడ మనము దానిని, ఉద్యోగము రానివాడు చేయు పనిగా తలచుచున్నాము. చట్టము దిగుమతి యైనంత సులభముగా గౌరవము దిగుమతి కాదు. అది మన యిండ్లలో పుట్టవలెను.

మన రాష్ట్రమున 2020-21 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ చదువులో పదినెలల పని యనుభవమును చేర్చిరి. మొదటి సంవత్సరాంతమున రెండు నెలలు సమాజసేవా ప్రణాళిక, రెండవ సంవత్సరాంతమున రెండు నెలలు ఇంటర్న్‌షిప్పు, చివర నొక సెమిస్టరు పూర్తిగా ఇంటర్న్‌షిప్పు. ఉద్దేశము శ్లాఘ్యము. కాని పదినెలల పనికి మాఱుగా పదిపుటల నివేదికను నకలు చేసి, పరిచితుని కొట్టు ముద్ర వేయించుకొని వచ్చు పిల్లలను నే నెఱుగుదును. వారి నొక్కరినే నిందింపరాదు. ఒకేసారి తరగతి తరగతియంతయు పనికి బయలుదేరిన, చిన్న పట్టణమున నిలువబెట్టుకొనువా రెవ్వరు? కళాశాలవారు ముందుగా మిల్లులతో, బ్యాంకులతో, ఆసుపత్రులతో, శీతలగిడ్డంగులతో మాటాడి, "ఫలానా నెలలో నిద్దఱిని పంపుదుము, ఫలానా పని నేర్పుడు" అని యేర్పాటు చేసినచోట ఫలము కనబడుచున్నది. చేయనిచోట కాగితము మిగులుచున్నది. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్పు పథకము సైతము ఇట్టిదే. 21 మొదలు 24 ఏండ్ల వారికి పెద్ద సంస్థలలో నొక సంవత్సర మనుభవము, నెలకు 5,000 రూపాయల భృతి దాని మొదటి స్వరూపము. రేపల్లె పిల్లవాడు 5,000 రూపాయలతో హైదరాబాదున నద్దె కట్టి యన్నము తినలేడు. తన యూరికి చేరువనున్న పనిచోటు దొరకిననే యది వానికి లాభము. అంతేవాసికి గురువే యన్నము పెట్టవలెనన్న నియమ మేల పుట్టినదో యిపుడు బోధపడుచున్నది గదా.

ఇక ప్రభుత్వోద్యోగముల మాట. మా ప్రాంతమున దీనిపై నున్న మోజింతంత కాదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయముల కొఱకు సుమారు లక్షయిరువదియాఱువేల కొలువులు ప్రకటింపగా 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. 2025లో మెగా డి.యస్.సి. పేర 16,347 ఉపాధ్యాయ పదవులు ప్రకటింపగా మూడులక్షల ముప్పదివేలకు మించి యభ్యర్థులు పోటీపడిరి. అనగా ఇంచుమించు ఇరువదిమంది కొక్కడు. మిగిలిన పందొమ్మండుగురు మందబుద్ధులా? కానేకారు. పదవులే లేవు. పరీక్షకు కూర్చుండవలదని నే ననను. నేను సర్కారు జీతము తిన్నవాడను. కాని రెండు మాఱులు, మహా యైన మూడు మాఱులు అని గడువు పెట్టుకొనవలెను. చదువుచున్నంత కాలము పూట పనియైనను చేయుచుండవలెను. ముప్పదవ యేట పుస్తకము మూసినవానికి "ఈ యెనిమిదేం డ్లేమి చేసితివి?" అను ప్రశ్నకు సమాధానముండదు, అనుభవము లేమి కన్న నా మౌనమే వాని నెక్కువగా బాధించును.

తక్కువ భృతితో మొదలిడుట యందు ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. 1983 మొదలు కొన్ని సంవత్సరములు మన రాష్ట్రమున నెలకు 398 రూపాయల గౌరవవేతనముపై ఉపాధ్యాయులను నియమించిరి. నా సహోద్యోగులలో నట్టివారు పలువురు. వారు పని నేర్చిరి. పిదప పూర్తి జీతముపై స్థిరపడిరి. గొప్ప ఉపాధ్యాయులైనవా రెందఱో కలరు. కాని యా తొలి సంవత్సరములను సర్వీసులో లెక్కింపలేదన్న బాధను వారు చిరకాలము మోసిరి. నేర్చుకాలము తక్కువ జీతపు కాలమగుట తప్పు కాదు. దాని కొక హద్దు లేకుండుటయు, దాని నెక్కడను లెక్కకు తేకుండుటయు తప్పు. కావున శిక్షణమున చేరు పిల్లలు, ఎన్ని నెలలు, ఏమి నేర్పుదురు, ముగిసిన పిదప నేమి వ్రాసి యిత్తురు అని మొదటి దినముననే వినయముగా నడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను. అడుగుట యవినయము కాదు.

ఇంతకన్న దారుణమైన సంగతి మఱియొకటి. కొలువులేని వాని ఆశను అమ్ముకొను బేరగాండ్రు బయలుదేరిరి. నాయొద్ద చదివిన యొక బాలుడు, బాపట్ల చేరువ పల్లెవాడు, ఇంజనీరింగు ముగించి రెండేండ్లు తిరిగినాడు. నగరమున నొక సంస్థవారు లక్షన్నర పుచ్చుకొని "శిక్షణము, పిదప కొలువు" అనిరి. తండ్రి అరయెకరము తాకట్టు పెట్టినాడు. మూడు నెలలు కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, నాలుగవ నెలలో మూడేండ్ల యనుభవ మున్నట్లు దొంగ ప్రమాణపత్రము చేతికిచ్చిరి. ఆ పత్రముతో నతడొక కొలువున చేరెను. అయిదవ నెలలో విచారణ జరిగి పత్రము కల్లయని తేలి వెడలగొట్టిరి. సంస్థ తలుపునకు తాళము పడినది. అతడు నాయొద్దకు వచ్చి చెప్పిన మాట యిది: "మాస్టారూ, ముందు అనుభవం లేదన్నారు. ఇప్పుడు అబద్ధమాడేవా డంటున్నారు. మొదటిదే నయం." పొలము విడిపించుకొనుటకు తండ్రికి నాలుగేండ్లు పట్టినది. ఆ బాలు డిపుడొక రొయ్యల మేతల కొట్టులో లెక్కలు చూచుచు నిలదొక్కుకొన్నాడు. ఈ కథవలన తెలియవలసిన సూత్ర మొక్కటే. కొలువిచ్చువాడు డబ్బిచ్చును గాని పుచ్చుకొనడు. పుచ్చుకొనువాడు కొలువిచ్చువాడు కాడు. దొంగపత్రము తీసికొనుటకన్న ఖాళీచేతులతో నుండుట మేలు.

మఱి చేయవలసినదేమి? ఇచట పంగ్వంధ న్యాయమును గుర్తు చేయుదును. కుంటివానికి దారి కనబడును, నడువలేడు. గ్రుడ్డివాడు నడువగలడు, దారి కానడు. గ్రుడ్డివాని భుజముపై కుంటివా డెక్కిన నిరువురు నూరు చేరుదురు. నిజాంపట్నపు రొయ్యల చెఱువునే చూడుడు. నీటిలోని ప్రాణవాయువు తెల్లవాఱుజామున మిక్కిలి తగ్గునని జంతుశాస్త్రము చదివిన పట్టభద్రున కెఱుక. దానికి కారణమును గూడ చెప్పగలడు. గట్టుమీద రాత్రులు గడపిన రైతునకు కారణము తెలియదు గాని, రొయ్యలు పైకి తేలుట చూచి చక్రము లెప్పుడు త్రిప్పవలెనో తెలియును. నీటి లవణమును, క్షారగుణమును కొలిచి దినదినము పట్టిక వ్రాయు పిల్లవాడు ఆ రైతున కుపయోగపడును. రైతు కన్ను ఆ పిల్లవానికి గురువగును. దుగ్గిరాల పసుపులో కుర్కుమిను పాళ్ళు పరీక్షించుట, తెనాలి మిల్లులో సరకు లెక్కలను కంప్యూటరున కెక్కించుట, సూర్యలంకకు వచ్చు యాత్రికులకు బస చూపు వ్యవహారము నడపుట, ఇవన్నియు నీ తరగతివే. పాత యినుప తుక్కుతో నిలువెత్తు విగ్రహములు చేయు తెనాలి శిల్పుల పేరు దేశమంతట వినబడుచున్నది. ఆ శిల్పశాలలో కొలతలు గీయుటకు, దూరదేశపు కొనుగోలుదారులకు జాబులు వ్రాయుటకు చదువరి యక్కఱలేదా?

సూచీకటాహ న్యాయమని యొకటి కలదు. కమ్మరియొద్దకు నొకడు సూది కొఱకు, నొకడు పెద్ద కాగు కొఱకు వచ్చినప్పుడు కమ్మరి ముందు సూదిని ముగించి యిచ్చి పిదప కాగునకు దొరకొనును. పెద్దకొలువు కొఱకు ప్రయత్నించుట మానవలదు. దానికి ముందు చిన్నపని నొకదానిని ముగింపుడు. ముగించిన దానిని దినచర్యగా వ్రాసి యుంచుడు: ఏ తేదీన నేమి చేసితిని, ఏమి తప్పితిని, ఎట్లు దిద్దితిని, ఎవరు చూచిరి. తెనాలి శాస్త్రపరీక్షలకు పేరుగన్న యూరు. అచట పరీక్షకు లెదుట కూర్చున్న విద్యార్థిని "ఎన్నియేండ్లు చదివితివి?" అని యడిగి యూరకుండరు, "ఈ పంక్తి కర్థము చెప్పుము" అందురు. యజమానియు నిజమున కట్టివాడే. "అనుభవము లేదు గాని, ఇదిగో ఆఱు నెలలుగా నేను వ్రాసిన లెక్కలు" అని చూపిన వానిని త్రోసిపుచ్చుట సులభము కాదు.

బాలికల విషయము ప్రత్యేకముగా తలపవలెను. మార్కులలో వారే ముందు. పట్టము రాగానే "దూరము పంపము" అను తల్లిదండ్రులే యధికము. పంపుటకు భయపడినవారు ఊరిలోనైన పనిచేయనీయవలెను గదా. తెనాలిలో చదివిన బాలిక తెనాలి ఆసుపత్రిలోనో, ఆడిటరు కార్యాలయములోనో యొక యేడు పనిచేసినచో, పిదప పెండ్లియై ఎచటికి బోయినను ఆ యనుభవ మామెతోడనే పోవును. ఇంట కూర్చుండబెట్టిన యేడు మాత్ర మెవరి కక్కఱకు రాదు.

సమయము సమీపించినది. ముగింపునకు ముందు మువ్వురికి మూడు మనవులు. తల్లిదండ్రులారా, మొదటి జీతమును చూచి పిల్లవాని విలువ కట్టవలదు. చుట్టములు వచ్చినపు డా సంఖ్య నడుగనీయవలదు. కళాశాలల పెద్దలారా, చదువు ముగించి పోయిన పిల్లలను సంవత్సరమున కొకమాఱు పిలిచి యేమైరో విచారింపుడు. వారిలో నిలదొక్కుకొన్న యొక్కొక్కరు క్రొత్తవానిని మఱియొకని చేయి పట్టుకొనునట్లు చూడుడు. మిల్లుల, మండీల, చెఱువుల యజమానులారా, మీలో ననేకులు నాయొద్ద ఓనమాలు దిద్దినవారే. మీరు పదునాఱేండ్ల వయస్సున గల్లాపెట్టె ప్రక్కన కూర్చున్నప్పుడు మిమ్ము "అనుభవ మున్నదా" యని యెవ్వరు నడుగలేదు, నేర్పిరి. సంవత్సరమున కొక్క పట్టభద్రుని, గడువు నిర్ణయించి, భృతి నిచ్చి, చెప్పిన పని నేర్పి, ముగిసిన నాడు రెండు వాక్యములు నిజముగా వ్రాసి యిండు. ఒక్కొక్క సంస్థ కొక్కరైనను, ఈ మూడు పట్టణములలో రేపటి సంవత్సర మెందఱు పిల్లలకు మొదటి మెట్టు దొరకునో మీరే లెక్క వేసికొనుడు. లెక్కలలో మీరు నాకన్న దిట్టలు.